వానలు పడేదాకా బొంగులో చికెన్ లేదు

అరకు దారిలోని అనంతగిరి కొండల నడకకు ఏటా మాతో వచ్చేవాళ్ళందరికీ. ఈ ఆదివారం నుంచి వానలు పడేదాకా మా ట్రెక్కుల్లో బొంగులో చికెన్ ఉండదు, రాత్రి చలిమంటా ఉండదు. గ్రూపులో ముక్కలుముక్కలుగా చెప్పేసరికి ఎవరికి తోచింది వాళ్ళు అనుకున్నారు. అందుకే ఇదంతా ఒకేసారి రాస్తున్నాను.

మనం వండించేది అడవిలో కాదని పాతవాళ్ళకు తెలుసు. రిజర్వు ఫారెస్టులో నిప్పు పెట్టడం నేరం, ఆ పని మేమెప్పుడూ చెయ్యలేదు. మా గైడు వాళ్ళ ఊళ్ళో, పొలం గట్టు మీద, ఆయన భార్య బొంగులు కూరి కాలుస్తారు. కానీ మాఘం దాటిందంటే ఆ గట్టు పక్క చెట్లన్నీ ఆకు రాల్చేస్తాయి. గట్టు దగ్గర్నుంచి కొండ మీదిదాకా మడమ మునిగేంత ఎండుటాకు. బొంగు కాలడానికి అరగంట పైనే పడుతుంది. శీతాకాలంలో నేల మీద తడి ఉంటుంది కాబట్టి పర్లేదు. ఇప్పుడు బొంగు చిట్లితే నిప్పురవ్వలు ఎటు ఎగురుతాయో చెప్పలేం.

దారి చూసొద్దామని మొన్న వెళ్ళినప్పుడు కొండ మీద ఎవరో వండుకుని వదిలేసిన పొయ్యి కనబడింది. మూడు రాళ్ళు, సగం కాలిన బొంగు చెక్కలు, రెండు బీరు సీసాలు. నీళ్ళు పోసి ఆర్పినట్టే ఉంది. గైడు కర్రతో బూడిద కదిపితే కింద నిప్పు ఎర్రగా ఉంది. పొయ్యి పక్కనున్న వేరు లోపల్లోపలే రాజుకుని, బారెడు దూరంలో ఆకుల కిందనుంచి పొగ వస్తోంది. పచ్చి కొమ్మలతో కొట్టి, తాగడానికి తెచ్చుకున్న నీళ్ళు పోసి, మట్టి కప్పి దిగాం. ఆ కొండకి అవతలి వాలంతా కాఫీ తోటలే.

అయినా వెంటనే తేల్చుకోలేకపోయాను. గైడు ఇంటికి మా వల్ల వచ్చే డబ్బులో పెద్ద భాగం బొంగులదే. నేను విశాఖలో కూర్చుని ‘అడవిని కాపాడదాం’ అని పోస్టు పెడితే నష్టపోయేది ఆవిడ. రెండు మూడు రాత్రులు ఇదే టెన్షన్. చివరికి ఆవిడే తేల్చేశారు. ‘నాటుకోడి తెండి, ఇంట్లో పొయ్యి మీద వండేస్తాను. బొంగుకి ఎంతిస్తారో దీనికీ అంతే ఇవ్వండి’ అన్నారు. కాబట్టి మధ్యాహ్నం నాటుకోడి కూర, అన్నం, చోడి (రాగి) అంబలి.

‘కోడి డబ్బులు మిగుల్చుకోడానికే ఈ కథలన్నీ’ అని గ్రూపులో రాసినవారు ఒకసారి బజారుకెళ్ళి నాటుకోడి రేటు అడిగి రండి. ఆ మాట ఇంకెవరైనా అనుంటే ఇంత పట్టించుకునేవాణ్ణి కాదు, మొదటి ట్రెక్కు నుంచి వస్తున్న మనిషి అన్నారు. టికెట్ రేటు పెంచలేదు, పెంచను కూడా. బొంగు పట్టుకుని ఫోటో కావాలంటే తిరుగుదారిలో బొర్రా గుహల దగ్గర వ్యాన్ ఆపుతాం, ఎవరి డబ్బులు వాళ్ళవి. కొండ మీదే మంట వేసి పెట్టే గ్రూపులు కూడా ఉన్నాయట, వెళ్ళేవాళ్ళని నేను ఆపను.

ఇకపోతే, కిరండూల్ పాసింజరు రైలు దిగి నడక మొదలుపెట్టేసరికి ఎండెక్కిపోతోంది, అందుకని తెల్లారకముందే వ్యానులో బయల్దేరదాం. గెడ్డల్లో (కొండవాగుల్లో) నీళ్ళు లేవు, మనిషికి మూడు లీటర్లు తప్పనిసరి. ఎండుటాకు మీద దిగుడు దారి జారుతుంది, అరిగిన బూట్లతో రావద్దు. మోదుగులు పూసే ఉన్నాయి. కాఫీ పూతకి మాత్రం గ్యారంటీ ఇవ్వలేను. మంచి జల్లు పడ్డ వారం పదిరోజులకి తోట తెల్లబడి మల్లెల్లా వాసనేస్తుంది, మళ్ళీ రెండు మూడు రోజులకే వాడిపోతుంది. చైత్రంలో వచ్చేవాళ్ళు చిల్లర ఉంచుకోండి. గిరిజనుల ఇటుకల పండక్కి ఊళ్ళ దగ్గర ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డం నిలబడి డబ్బులడుగుతారు, విసుక్కోకుండా ఇవ్వండి.

ఇప్పటికే డబ్బు కట్టి మానుకుందామనుకునేవాళ్ళకి పూర్తిగా వాపసు ఇస్తాను. శుక్రవారం సాయంత్రంలోపు చెప్పండి, కోళ్ళు శనివారం పొద్దున్నే కొనాలి.