విమాన టికెట్టు మీద దూరం, ప్రయాణ కాలం ముద్రించాలని కేంద్ర పౌర విమానయాన మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి నమస్కారాలు.

హైదరాబాద్, విశాఖపట్నం మధ్య ఏళ్ల తరబడి తిరుగుతున్న ప్రయాణికుణ్ణి. సిక్కోలు వారైన మీకు ఈ దారి బాగా తెలిసినదే కనుక, దీన్నే ఉదాహరణగా తీసుకుని ఒక విన్నపం చేసుకుంటున్నాను. మన టికెట్టు మీద విమానం బయలుదేరే వేళ, చేరే వేళ ఉంటాయి. ఆ రెండు ఊళ్ల మధ్య ఆకాశమార్గాన దూరమెంతో, ప్రయాణ కాలంలో గాలిలో గడిచేదెంతో మాత్రం ఉండదు.

శంషాబాద్ నుంచి విశాఖ విమానాశ్రయానికి నేరుగా గీత గీస్తే సుమారు 510 కిలోమీటర్లు. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా పడుకుని చేరే ఊరికి, గంటకు 800 కిలోమీటర్లకు పైగా వేగంతో పోయే జెట్ విమానంలో లెక్క ప్రకారం నలభై నిమిషాలైనా పట్టకూడదు. టికెట్టు మీద గంటా పావు వరకూ కనబడుతుంది. ఇందులో దోషమేమీ లేదు. పైకెక్కేటప్పుడు, దిగేటప్పుడు విమానానికి ఆ వేగం ఉండదు. గాలి వాలును బట్టి రన్‌వే ఏ కొస నుంచి దిగాలో అక్కడికి చుట్టు తిరిగి రావాలి. నేల మీద వరుసలో ఆగాలి. ఇక్కడ చక్రాల దగ్గరి దిమ్మెలు తీసినప్పటి నుంచి అక్కడ మళ్లీ దిమ్మెలు పెట్టేదాకా గడిచే ఈ మొత్తం కాలాన్నే బ్లాక్ టైమ్ అంటారు.

పౌర విమానయాన డైరెక్టరేట్ నిబంధనల్లో ప్రయాణికుడి హక్కులు ఈ బ్లాక్ టైమ్ మీదనే ఆధారపడి ఉన్నాయి. సంస్థ చేతిలో లేని కారణాలు కాకుండా, ముందుగా తెలపకుండా విమానాన్ని రద్దు చేస్తే పరిహారానికి పరిమితి గంట లోపు ప్రయాణానికి 5,000 రూపాయలు, రెండు గంటల లోపైతే 7,500, ఆపైన 10,000. ఆలస్యమైతే భోజనం పెట్టవలసినది రెండు గంటలకా, మూడు గంటలకా అన్నదీ దీన్ని బట్టే. ఒకసారి నా విమానం ఆలస్యమైనప్పుడు కౌంటరులో ఈ లెక్క అడిగితే చెప్పగలిగిన వారు లేరు. పక్కనే చంటిబిడ్డతో కూర్చున్న తల్లికి తనకు హక్కు ఉందన్న సంగతే తెలియదు.

దూరం సంగతీ అంతే. 2025 డిసెంబరులో మీ శాఖ తాత్కాలికంగా గరిష్ఠ ఛార్జీలు విధించినప్పుడు 500 కిలోమీటర్ల వరకు 7,500 రూపాయలని, అక్కడి నుంచి 1,000 వరకు 12,000 అని నిర్ణయించింది. మన మార్గం ఆ గీతకు పది కిలోమీటర్ల అవతల పడింది. 4,500 రూపాయల తేడా తెచ్చే అంకెను ప్రయాణికుడు ఎక్కడ చూసుకోవాలి?

మరొకటి కూడా పరిశీలించవలసి ఉంది. నిర్ణీత వేళకు పదిహేను నిమిషాల లోపు నడిచిన విమానాన్ని సకాలంలో నడిచినట్టే లెక్క వేస్తారు. షెడ్యూలులో కాలాన్ని కాస్త పెంచి రాసుకుంటే ఆ లెక్క దానంతటదే బాగుపడుతుంది. అందుకే ప్రతి మార్గానికీ ప్రకటించిన బ్లాక్ టైమ్ పక్కన, గడిచిన మూడు నెలల్లో వాస్తవంగా పట్టిన సగటు కాలాన్ని కూడా డైరెక్టరేట్ ప్రచురించాలని, ఆకాశమార్గ దూరాన్ని, బ్లాక్ టైమ్‌ను టికెట్టు మీద తెలుగుతో సహా ప్రయాణికుడు కోరుకున్న భాషలో ముద్రించేలా విమాన సంస్థలకు ఆదేశాలివ్వాలని ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
విశాఖపట్నం నుంచి ఒక ప్రయాణికుడు