వాక్సహాచీ కోర్టు

ఒరేయ్ శీనూ,

జవాబు ఇంత ఆలస్యమైనందుకు తిట్టుకోకు. ఇక్కడ అందరం బాగున్నాం, పాపకి బడి తెరిచారు, మీ చెల్లెలి మోకాలి నొప్పి తగ్గింది. మిగతావి ఫోన్లో. ఇది మాత్రం ఫోన్లో చెబితే తీరేది కాదు.

డాలస్‌కి దక్షిణాన యాభై కిలోమీటర్ల దూరంలో వాక్సహాచీ అని ఊరుంది, ఎల్లిస్ కౌంటీకి ముఖ్యపట్టణం. నడిబొడ్డున కోర్టు. కింద గులాబీ గ్రానైటు, పైన ఎర్ర ఇసుకరాయి, నెత్తిన గడియారం బురుజు! 1895లో మొదలుపెట్టి 1897కల్లా కట్టేశారు. అప్పట్లో ఆ చుట్టుపక్కల డబ్బంతా పత్తిదే. గుంటూరువాడివి, నీకు వేరే చెప్పాలా!

వసారా స్తంభాల తలకట్టు మీద రాతి ఆకులు, వాటి మధ్యలోంచి మొహాలు. ఒకచోట చక్కటి ఆడమనిషి. నాలుగడుగులు వేస్తే ఇంకొకటి, పళ్ళికిలించి, బుగ్గలు పీక్కుపోయి... ఫోటో పంపుతున్నా. చూసి నువ్వు ‘ఈ బుగ్గలకి సైకిలు పంపుతో గాలి కొట్టాలి’ అనకపోతే ఒట్టు.

ఊళ్ళో ఏమంటారంటే, హ్యారీ హెర్లీ అనే శిల్పి మేబుల్ ఫ్రేమ్ అనే అమ్మాయిని ప్రేమించాడట. ఆమె కాదనేసరికి, చెక్కే మొహం రోజురోజుకీ వికారమైపోయిందట. చరిత్ర తెలిసినవాళ్ళు ఒప్పుకోరు. అది డాలస్‌లో బైల్‌హార్జ్ రాతి కార్ఖానా పని, రోమనెస్క్ అనే, గుండ్రటి ఆర్చీలుండే పాతకాలపు యూరప్ తరహా కట్టడాల్లో అలాంటి మొహాలు మామూలే అంటారు. నాకూ అదే నిజమనిపిస్తుంది. కానీ ఉలి పట్టిన మిగతావాళ్ళ పేర్లు ఎవరి నోటా రావు, ప్రేమకథ ఒక్కటే మిగిలింది. దిగులేసిందిరా.

అసలు సంగతి గాలి! ప్లాను గీసినాయన జేమ్స్ రైలీ గోర్డన్, అప్పటికి ముప్పై దాటి రెండు మూడేళ్ళే. భవనాన్ని శిలువ ఆకారంలో వేసి, నాలుగు మూలలా వసారాలు, నట్టనడుమ మెట్లు, వాటి పైన బురుజు పెట్టాడు. వేడిగాలి బురుజులోంచి పైకి పోతుంటే, వసారాల నీడలోని చల్లగాలి లోపలికి వస్తుంది. మీ అమ్మమ్మగారి మండువాలో మధ్యాహ్నం పడుకునేవాళ్ళం చూడు, అలాగన్నమాట. ఫ్యాన్లు, ఏసీలు లేని రోజుల్లో, ఈ టెక్సస్ ఎండలకి! ఇలాంటి బుర్రకి దండం పెట్టాలి.

ఇదే టెక్సస్‌లో డికేటర్ అనే ఊళ్ళో 1896 నాటి వైజ్ కౌంటీ కోర్టు కూడా ఆయనదే. రెండూ దాదాపు కవలలు. అక్కడికీ వెళ్ళాలి, ఈసారి మెట్ల దగ్గర నిలబడి పైకి... అయ్యో, కింద హారన్ కొడుతున్నారు, పాపని డాన్సు క్లాసుకి దింపాలి. ఉంటా.

నీ
రాజు