గండికోట లోయ అంచున ఒక తెల్ల గీత కావాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను ప్రొద్దుటూరులో ఇంటి దగ్గరే మిషన్ కుట్టుకుంటాను. పేపరుకు ఉత్తరం రాయడం ఇదే మొదలు. చలి మొదలైతే చాలు, మా వీధిలో కూడా గండికోటలో ఒక రాత్రి టెంట్ వేసుకుందామనే కుటుంబాలు కనిపిస్తున్నాయి. బ్లౌజు కుట్టించుకోవడానికి వచ్చే ఆడవాళ్లు నన్నే అడుగుతుంటారు, "అక్కా, మీరు పోయొచ్చినారంట కదా, పిల్లోళ్లతో భయం లేదా?" అని. ఉంది. ఆ భయం గురించే రాస్తున్నాను.

మేం రెండుసార్లు వెళ్లాం. మా ఆయన, నేను, 12 ఏళ్ల బాబు, 7 ఏళ్ల పాప, మా అత్త. మొదటిసారి ఫోన్‌లో మాట్లాడి టెంట్లకు అడ్వాన్సు కట్టాం. ఆ రోజు మా ఆయన పనిచేసే బట్టల షాపులో లేటయింది. ఇంటి నుంచి బయల్దేరేసరికే నాలుగున్నర. జమ్మలమడుగు దాటి కొండ మీదికి చేరేసరికి పొద్దు గూకింది. టెంట్ ఇచ్చే మనిషి చేతిలైటు పట్టుకుని ముందు నడిచాడు. అప్పటికే వేసిపెట్టిన రెండు టెంట్లు చూపించి, మిగతా డబ్బు తీసుకుని వెళ్లిపోయాడు. అమావాస్య దగ్గరి రోజులు. మేం దిగిన చోట ఒక్క లైటు లేదు. అన్ని చుక్కలు ప్రొద్దుటూరులో ఎప్పుడూ కనబడవు కాబట్టి పిల్లలు పైకి చూస్తూనే కూర్చున్నారు. మేమూ అంతే. చుట్టూ ఏముందో ఎవ్వరం చూడలేదు.

రాత్రి ఒంటిగంటప్పుడు పాప ఒంటికి పోవాలంది. నేను లేచేలోపల బాబు "నువ్వు పడుకోమ్మా, నేను తీసుకుపోతా" అని, ఫోన్ లైటు వేసుకుని చెల్లెలి చెయ్యి పట్టుకుని టెంట్ వెనక్కి వెళ్లొచ్చాడు. ఎంత బాధ్యత నేర్చుకున్నాడో అనుకుంటూ నిద్రపోయాను.

తెల్లవారి ఆ వెనకవైపుకే నడిచాను. టెంట్ తాడు కట్టిన రాయి దగ్గర మొదలుపెట్టి పద్దెనిమిది అడుగులు వేశాను. పందొమ్మిదో అడుగు పెట్టడానికి నేల లేదు. కింద, చాలా కింద, పెన్నా. రాత్రి ఎక్కడిదాకా వెళ్లార్రా అని బాబును అడిగితే ఒక బండ చూపించాడు. ఆ బండకూ అంచుకూ మధ్య మా ఇంటి వరండా అంత జాగా కూడా లేదు. నాకు కాళ్లలో సత్తువ పోయింది. అక్కడే కూలబడ్డాను. ఇప్పటికీ కొన్ని రాత్రులు ఆ బండ గుర్తొచ్చి మెలకువ వస్తుంది.

టెంట్ మనిషికి ఫోన్ చేసి అడిగాం. "వ్యూ బాగుంటుందని అందరూ అక్కడే కావాలంటారమ్మా" అన్నాడు. నిజమే, మేం కూడా ఫోన్‌లో అడిగింది ఆ ఒక్క మాటే.

మళ్లీ ఎందుకు వెళ్లామని చాలామంది అడిగారు. పిల్లలు ఆ చుక్కల్ని మరిచిపోలేదు. మా అత్త కూడా, "తప్పు తావుది కాదు అమ్మీ, మనం చీకట్లో పోయినాం" అంది. అందుకే రెండోసారి అన్నీ నేనే కూర్చుని ఆలోచించాను.

ముందు క్యాలెండర్. నవంబరు వద్దనుకున్నాను, మన జిల్లాకు ఈశాన్య రుతుపవనాల వానలు అప్పుడే. 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఊళ్ల మీద పడిన సంగతి ఇక్కడెవరం మరిచిపోలేదు. ఆ నెలలో ఏటి ఇసుకలో టెంట్ వేద్దామని ఎవరన్నా దయచేసి ఒప్పుకోకండి. ఎండాకాలం సంగతి చెప్పనక్కర్లేదు, పగలంతా కాగిన బండలు రాత్రి కూడా సెగ కక్కుతాయి. జనవరిలో పౌర్ణమికి రెండు రోజుల ముందు ఒక శనివారం దొరికింది. అప్పుడు పొద్దు గూకేలోపలే చంద్రుడు పైకి వచ్చి ఉంటాడు, టార్చి లేకపోయినా మనిషి మనిషికి కనిపిస్తాడు.

టెంట్లు ఇచ్చే ఇంకొకరితో ఫోన్‌లో మాట్లాడినప్పుడు మొదట అడిగింది అంచుకు ఎంత దూరమని. రెండోది, టాయిలెట్ ఎంత దూరమని. ఇది రాయడానికి నేను సిగ్గుపడను. సరైన టాయిలెట్ లేని చోటికి వెళ్తే ఆడవాళ్లం సాయంత్రం నుంచే నీళ్లు తాగడం మానేస్తాం. మొదటిసారి మా అత్త అదే చేసింది, మర్నాడంతా తలనొప్పితో పడుకుంది.

పొయ్యి పెట్టొద్దనుకున్నాం. లోయలో నుంచి వచ్చే గాలికి ఒక్క నిప్పురవ్వ ఎండుగడ్డిలో పడితే చాలు. జొన్నరొట్టెలు, శనక్కాయ పొడి, పులిహోర సద్ది కట్టాను. పొద్దున ఉగ్గానికి బొరుగులు, ఇంట్లోనే వేయించి డబ్బాలో పెట్టిన తిరగమాత. బొరుగులు తడిపి, నీళ్లు పిండేసి, తిరగమాత కలిపితే ఐదు నిమిషాల పని, మంట అక్కర్లేదు. 20 లీటర్ల నీళ్ల క్యాన్లు రెండు, మా అత్త మోకాళ్ల కోసం మడత కుర్చీ. చెప్పులు టెంట్ లోపలే పెట్టి, పొద్దున దులిపి వేసుకున్నాం. రాళ్ల మధ్య తేళ్లుంటాయి.

మధ్యాహ్నం మూడింటికల్లా చేరాం. సామాన్లు దించకముందే పిల్లల్ని వెంటబెట్టుకుని వెలుతురులోనే అంచు చూపించాం. అప్పుడు మా అత్త సంచిలో నుంచి ముగ్గుపిండి డబ్బా తీసింది. తెచ్చినట్టు నాకు కూడా తెలియదు. అంచుకు యాభై అడుగుల ఇవతల, మా టెంట్ల ముందర, ఈ చివర నుంచి ఆ చివరకు తెల్లగా గీత గీసింది. "ఇది దాటితే అవ్వ మీద ఒట్టు" అంది పిల్లలతో. పక్కన బెంగళూరు నుంచి వచ్చిన ఒక కుటుంబం ఉంది. వాళ్ల పిల్లలకు తెలుగు రాదు. అయినా బంతి ఆడుతూ ఆడుతూ ఆ గీత దగ్గరకు రాగానే ఆగిపోయారు. వెన్నెల్లో కూడా ఆ గీత స్పష్టంగా కనిపించింది. ఆ రాత్రి నేను నిజంగా నిద్రపోయాను.

పొద్దున మాధవరాయ స్వామి గుడి, ధాన్యాగారం, మసీదు తిరిగి చూశాం. పిల్లలు బెలుం గుహలకు కూడా పోదామన్నారు. 3,229 మీటర్ల పొడవున్న గుహలు, లోపల ఉక్క. నిద్ర చాలని పిల్లలతో అదే రోజు వద్దని ఇంటికి తిరిగొచ్చాం.

ఎడిటర్ గారూ, నేను అడిగేది ఆ గీత. అంచు పొడుగునా గోడ కట్టమని అడగను. ఎర్రమల కొండల్ని పెన్నా కోసిన ఆ గండి వల్లే ఆ కోటకు ఆ పేరు, దానికి గోడ అడ్డం పెడితే చూడటానికి ఏం మిగులుతుంది? కోట రాళ్లకు రంగు పూయమని కూడా అనను. స్కూలు గ్రౌండులో చేసినట్టు, టెంట్లు వేసే మేర విడి రాళ్లు వరుసగా పేర్చి సున్నం కొడితే చాలు. ఆ వరుస దాటి ఎవరూ టెంట్ వేయకూడదని పెద్ద అక్షరాలతో తెలుగు, కన్నడం, ఇంగ్లీషులో ఒక బోర్డు. టెంట్లు అద్దెకిచ్చే వాళ్లలో ఎక్కువమంది అక్కడి పిల్లలే, అది వాళ్ల బతుకుదెరువు. వాళ్ల పొట్ట కొట్టమని ఈ ఉత్తరం రాయడం లేదు. గీత ఉంటే, వ్యూ కోసం పట్టుబట్టే మాలాంటి వాళ్లకు "కుదరదు" అని చెప్పడం వాళ్లకే సులువవుతుంది. సున్నం ఏటా చలికాలానికి ముందు ఒకసారి కొడితే సరిపోతుంది.

సంబంధించిన అధికారులు ఈ ఉత్తరం చదువుతారని ఆశ. ఈ జనవరిలో మా చెల్లెలి కుటుంబం కూడా మాతో వస్తానంటోంది, వాళ్ల చిన్నోడికి నాలుగేళ్లు. మా అత్త ఈసారి రెండు డబ్బాల ముగ్గుపిండి కొనిపెట్టింది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
ప్రొద్దుటూరు, కడప జిల్లా