రైతుబజారులో ఆకుకూరల అమ్మకి, ఇంకా అందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. నిన్న మధ్యాహ్నం నాకు మళ్ళీ నరాల పరీక్ష చేశారు. చేతికి చిన్న చిన్న కరెంటు షాకులు పెట్టి చూస్తారు, చేయించుకున్నవాళ్ళకి తెలుసు. రిపోర్టు చూసి డాక్టరుగారు "సిగ్నల్ వేళ్ళ దాకా వస్తోందమ్మా" అన్నారు. ఇంటికొచ్చి ఒక జాకెట్టుకి హుక్కు కుట్టాను. ఒక్కటే. 11 నెలల తర్వాత. రాత్రంతా నిద్ర పట్టలేదు. తెల్లారకముందే లేచి ఇది రాస్తున్నాను, ఎడమచేత్తో. తప్పులుంటే సర్దుకోండి.

మాది విశాఖపట్నంలో గోపాలపట్నం. 20 ఏళ్ళుగా ఇంట్లోనే జాకెట్లు కుడుతున్నాను. మోచెయ్యి టేబుల్‌కి ఆనించి, చెయ్యి మడిచి, గంటలు గంటలు అదే పని. చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కుతుంటే శ్రావణమాసం ఆర్డర్లు అయ్యాక చూపించుకుందాంలే అనుకున్నాను. అలా రెండు శ్రావణాలు గడిచాయి. చివరికి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండే కండ లోపలికి గుంట పడిపోయింది. డాక్టరుగారు ఆ రెండు వేళ్ళ మధ్య కాగితం పెట్టి గట్టిగా పట్టుకోమని లాగితే, అది అలా జారిపోయింది. మోచేతి దగ్గర అల్నార్ నరం (చిటికెన వేలు వైపు వెళ్ళే నరం) నొక్కుకుపోయింది, ఒత్తిడి తీసేయకపోతే వేళ్ళు వంకర తిరిగిపోతాయన్నారు. ఆపరేషన్ చేశారు. మర్నాడే ఇంటికి పంపేశారు.

అసలు కష్టం ఆ తర్వాతే. దెబ్బతిన్న నరం రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుందట. నా మోచేతి నుంచి ఆ గుంట పడిన కండ దాకా 30 సెంటీమీటర్లు. లెక్క వేసుకోండి, 10 నెలలు. ఈలోపు కుట్ల దగ్గర పమిట చెంగు తగిలినా కారం రాసినట్టు మంట. రాత్రి రెండింటికి ముంజేతి లోపల చీమలు పాకుతున్నట్టు ఉండేది. ప్రీగాబలిన్ అని నరాల నొప్పి మందు వేసుకుంటే మంట తగ్గేది గానీ పొద్దున్నే తల తిరిగేది. కనపడిన ప్రతివాళ్ళూ ఒకటే మాట: "ఆపరేషన్ అయిపోయింది కదా, ఇంకా నొప్పేంటి?" కొన్నాళ్ళకి నాకే అనుమానం వచ్చింది, ఎక్కువ చేస్తున్నానేమోనని.

మా ఆయన, అత్తగారు, పాప ఇంటి పనీ నా పనీ అన్నీ చూసుకున్నారు. వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

నేను చెప్పాలనుకున్నది ఆకుకూరల అమ్మ గురించి.

మార్గశిరమాసం అది. రద్దీలో ఎవరి భుజం తగులుతుందోనన్న భయంతో లక్ష్మివారాలు బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికి కూడా వెళ్ళలేదు. ఒకరోజు ఫిజియోథెరపీ అయ్యాక కంచరపాలెం రైతుబజారుకి వెళ్ళాను. తోటకూర కట్ట తీసుకుని చిల్లర ఇవ్వబోతే వేళ్ళు పట్టు తప్పి డబ్బులన్నీ కింద పడ్డాయి. వంగితే సంచి జారి ఉల్లిపాయలు దొర్లిపోయాయి. వెనక నిలబడ్డ ఒకావిడ "తొందరగా కానీండమ్మా" అని విసుక్కుంది. నాకు ఏడుపు ఆగలేదు. అంతమందిలో, నడివయసు మనిషిని.

ఆకుకూరల అమ్మ లేచి వచ్చింది. 70 ఏళ్ళు ఉంటాయి. చిల్లర ఒక్కొక్కటీ ఏరి నా పర్సులో తనే వేసింది. చేతికి ఇవ్వలేదు. సంచి ఎడమ భుజానికి తగిలించింది. కుడిచెయ్యి దగ్గరికి రాబోయి ఆగింది. "ముట్టుకుంటే మంటా తల్లీ?" అంది. ఆ ప్రశ్న అప్పటిదాకా నన్ను ఎవరూ అడగలేదు.

గోనెసంచి మీద కూర్చోబెట్టి చెప్పింది. "మా ముసిలోడు పోర్టులో కలాసీ. సెయ్యి మీద ఇనుం పడింది. పైన గాయం మానిపోయింది, లోపల మంట రెండేళ్ళు పోనేదు. రాత్రులు లేచి కూకునేవోడు. నాటకాలాడతన్నావని నానే తిట్టీదాన్ని. ఇప్పుడు ఆడే నేడు. నొప్పుంటే నొప్పని సెప్పు తల్లీ, సిగ్గుపడకు."

ఆ మాటలు నేను మర్చిపోలేను. ఇప్పుడు రాస్తుంటే కూడా కళ్ళు మసకేస్తున్నాయి.

వేళ్ళతో చిన్న వస్తువులు పట్టుకుని, నొక్కి పనిచేయాలని ఫిజియోథెరపీలో చెప్పారని అంటే, తన పక్కనున్న చిక్కుడుకాయల గంప ముందుకు తోసింది. వలిచిన గింజలకి రేటు ఎక్కువ కదా, కూర్చుని వలిచిపెట్టమంది. జాలితో ఇచ్చినట్టు లేదు, పని అప్పజెప్పినట్టే ఉంది. మొదటిరోజు అరగంటలో 11 కాయలు. కాయ అంచుని బొటనవేలితో నొక్కితే పగిలేది కాదు, వేలు వంగిపోయేది. ఆవిడ నా వైపు చూడకుండా తన బేరాలు తను చూసుకునేది. వచ్చే ముందు మాత్రం గింజలు దోసిట్లోకి తీసుకుని "ఈయాల ఎక్కువే" అనేది. వారానికి మూడు రోజులు, చిక్కుళ్ళు అయిపోయాక బఠాణీలు. శివరాత్రి నాటికి గంటలో గంపెడు వలిచాను.

సబ్బవరం వైపు పల్లె నుంచి తెల్లవారుజామున ఆటోలో వస్తుంది. పేరు అడిగితే "పేరెందుకు తల్లీ" అంది. ఇది ఆవిడ చదవదు. ఇవాళ వెళ్ళి చదివి వినిపిస్తాను.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. మా ఆరోగ్య బీమా పాలసీవాళ్ళు ఆపరేషన్‌కి డబ్బులిచ్చారు. డిశ్చార్జ్ తర్వాత మాత్రం 60 రోజుల ఖర్చులకే ఇస్తామన్నారు. 60 రోజుల్లో నరం పెరిగేది 6 సెంటీమీటర్లు, బెత్తెడు కూడా కాదు. మిగతా 24 సెంటీమీటర్లు ఎవరు చూడాలి? సారికి 350 రూపాయల చొప్పున వారానికి మూడుసార్లు ఫిజియోథెరపీకి మేమే కట్టుకున్నాం, కుట్టు ఆదాయం సున్నా అయిన ఇంట్లో. ఫోన్ చేస్తే ఆపరేషన్ సక్సెస్ అయింది కదా మేడమ్ అంటారు. తొమ్మిదిసార్లు చేశాను, తొమ్మిదిసార్లూ అదే మాట. డబ్బుల్లేక మధ్యలో మానేసినవాళ్ళు ఫిజియోథెరపీ బల్ల మీద నా పక్కనే కూర్చునేవాళ్ళు, తర్వాత కనపడలేదు. వాళ్ళ చేతులు ఏమయ్యాయో.

ఫిజియోథెరపీ అమ్మాయికి చాలా చాలా థాంక్స్. మోచెయ్యి చాపుతూ, మణికట్టు తిప్పుతూ నరం కదిలే వ్యాయామాలు ఎంత ఓపిగ్గా నేర్పిందో. ముంజేతి మీద వేలితో తట్టి, జిల్లుమన్న చోట పెన్నుతో చుక్క పెట్టేది, నరం అక్కడిదాకా పెరిగిందని గుర్తుగా. ఆ చుక్క నెలనెలా కిందికి దిగుతుంటే ధైర్యం వచ్చేది.

అయ్యో, మా పక్కింటి వదినగారిని మర్చిపోయాను. నా దగ్గర ఉండిపోయిన 14 జాకెట్లు తనే పూర్తిచేసి అందరికీ ఇచ్చింది, డబ్బులు నాకే తెచ్చి ఇచ్చింది. మెడికల్ షాపు తమ్ముడు, స్టాక్ లేని రోజు మందు ఎన్.ఏ.డి. జంక్షన్ నుంచి తెప్పించాడు. స్పీడ్ బ్రేకర్ దగ్గర "అక్కా, చెయ్యి జాగ్రత్త" అని ముందే చెప్పే ఆటో అబ్బాయి కూడా.

ఇంకొకరు. ఆ రోజు రైతుబజారులో నా వెనక విసుక్కున్నావిడ. నేను అమ్మ దగ్గర కూర్చుని ఏడుస్తున్నంతసేపూ దొర్లిన ఉల్లిపాయలు ఏరింది ఆవిడే. సంచి ఆటో దాకా మోసి, నేను థాంక్స్ చెప్పేలోపే వెళ్ళిపోయింది. ఆకుపచ్చ చీర, చేతిలో కొబ్బరికాయ. మీరు ఎవరో గానీ, మీకు కూడా అండీ.