లాంగ్‌టర్మ్‌కు మళ్లీ కట్టమంటారా, మంత్రి గారూ?

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి, నంద్యాల నుంచి ఒక నీట్ విద్యార్థిని తండ్రి నమస్కరించి రాయునది.

అయ్యా, ఇది మీకు నా నాలుగో ఉత్తరం. మొదటి మూడూ సోమవారం అర్జీల్లో ఇచ్చాను. రసీదులు భద్రంగా ఉన్నాయి. మూడోదానికి ఫోన్‌కు మెసేజ్ కూడా వచ్చింది, 'మీ అర్జీ పరిష్కరించబడినది' అని. ఏం పరిష్కారమైందో కాస్త మీరైనా చెబుతారని మళ్లీ రాస్తున్నా.

మా పాప 2024లో ఇంటర్ అవగానే మెడికల్ సీటు కోసం నీట్ రాసింది. ఆ ఏడు 67 మందికి 720కి 720 అన్నారు (తర్వాత వాళ్లు 17 మందయ్యారు, అది వేరే కథ). పాపకూ మార్కులు బాగానే వచ్చాయి, ర్యాంకు చూస్తే సీటు ఆమడ దూరం. మళ్లీ నీట్ రాయించేందుకు ఏడాది కోచింగ్‌లో, అదే లాంగ్‌టర్మ్‌లో, చేర్పించాను. 2025లో ఫిజిక్స్ పేపరు పిల్లల్ని కుదేలు చేసింది, దేశంలో ఫస్టు మార్కే 686. మా పాపకు మార్కులు తగ్గాయి, ర్యాంకు మెరుగుపడింది! నవ్వాలో ఏడవాలో తెలీలేదు. పాత కటాఫ్‌లు ఎందుకూ పనికిరావు. సీటొస్తే చివరి విడతలో రావాలి, లేదంటే లేదు.

ఇలా అంచున నిలబడ్డ పిల్లలనే, కొత్త ప్రభుత్వ మెడికల్ కాలేజీల్లో సగం సీట్లకు లక్షల్లో ఫీజు పెట్టిన మీ 107, 108 జీవోలు కిందికి తోస్తున్నాయి. 2023లో మా ఊళ్లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ తెరిస్తే పండగ చేసుకున్నాం. తీరా చూస్తే రాష్ట్ర కోటాలో సగమే కన్వీనర్ సీట్లు, అంటే ర్యాంకును బట్టి తక్కువ ఫీజుకు ఇచ్చేవి. 35 శాతం ఏడాదికి 12 లక్షలకు, 15 శాతం ఎన్నారై పేరుతో 20 లక్షలకు. ప్రైవేటు బళ్లో పాతికేళ్లుగా తెలుగు చెబుతున్నా, 'ప్రభుత్వ కాలేజీ'కి ఈ అర్థం ఏ నిఘంటువులోనూ చూడలేదు.

ఆ జీవోలు మీరు తెచ్చినవి కావు, ఒప్పుకుంటా. అధికారంలోకొచ్చిన 100 రోజుల్లో రద్దు చేస్తామని పాదయాత్రలో చెప్పింది మాత్రం మీ కూటమి వాళ్లే. ఆ మాట నమ్మే మొదటి లాంగ్‌టర్మ్‌కు అప్పు చేశాను. ఇప్పటికి నాలుగో వంద నిండబోతోంది సార్.

2025 జూన్ 14న ఫలితాలొచ్చాయి. కౌన్సెలింగ్ ఎప్పుడు ముగుస్తుందో ఎవరూ చెప్పరు. కోచింగ్ వాళ్లు మాత్రం సోమవారంలోగా కట్టమంటున్నారు, హాస్టల్‌తో కలిపి 1 లక్షా 70 వేలు. కట్టాక సీటొస్తే డబ్బు వెనక్కి రాదు. కట్టకుండా ఉండి సీటు రాకపోతే, అప్పుడు వెళ్లేసరికి సగం సిలబస్ అయిపోయి ఉంటుంది. బీడీఎస్‌లో (పళ్ల డాక్టరు కోర్సు) చేర్చమని మా బావమరిది, ఇంకొక్కసారి రాస్తానని పాప. వాళ్లమ్మ ఏమీ అనలేదు, గాజులు తీసి బీరువాలో పెట్టింది.

రద్దు చేస్తారా? ఈ ఏడాది చేస్తారా, వచ్చే ఏడాదా? చేయం అంటే చేయం అని చెప్పండి, అదీ మేలే. అసలు ఏదో ఒకటి చెప్పండి సార్, సోమవారంలోగా. ఆ గాజులు తాకట్టుకు తీసుకెళ్లాలో వద్దో తేల్చుకోవాలి.

ఇట్లు,
పరిష్కరించబడిన అర్జీదారు