తిట్టే ముందు ఒక్క వీడియో చూడండి

సంపాదకులకు,

‘రీల్స్ పిచ్చిలో పిల్లలు పాడైపోతున్నారు’ అన్న మాట బస్సులో, స్టాఫ్ రూములో రోజూ వింటున్నాను. టీచరుగా నాకది సగం నిజమే అనిపిస్తుంది.

పోయిన ఆదివారం మా వీధిలో ఇంటర్ చదివే అబ్బాయి వాళ్ల నానమ్మ సర్వపిండి చేస్తుంటే వీడియో తీస్తున్నాడు. ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించి, ఆమె గిన్నెకు పిండి అద్ది వేలితో చిల్లులు పెట్టడం మూడుసార్లు తీశాడు. ‘ఎందుకురా ఇన్నిసార్లు?’ అంటే, ‘దుబాయ్‌ల ఉన్న మా బాపు చూస్తడు టీచర్, మంచిగ రావాలె’ అన్నాడు. అందరూ అనుకున్నట్టు వీళ్లు లైకుల కోసమే తీయడం లేదు. తమ ఇల్లు, తమ మాట నలుగురికీ కనబడాలని ఆశ. మా జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో 2012లో మొదలైన ‘మై విలేజ్ షో’ యూట్యూబ్ చానల్ చేసింది అదే కదా. పొలం పనులు చేసుకునే గంగవ్వను, ఆమె యాసతో సహా, లోకమంతా చూసింది. 2020 జూన్‌లో టిక్‌టాక్ నిషేధించాక కూడా పిల్లలు ఆగలేదు, షార్ట్స్‌కు, రీల్స్‌కు మారారు.

రైలు పట్టాల మీద, చెరువు కట్టల మీద ప్రాణాలకు తెగించి తీసేవాళ్లను చూస్తే నాకూ భయమే. చెడు కామెంట్లకు కుంగిపోయి బడి మానేసిన అమ్మాయిని దగ్గరగా చూశాను. ఫోన్ లాక్కుంటే ఇవేవీ ఆగవు. ఏది పెట్టాలి, ఏది పెట్టకూడదు, ఎవరిని అడిగి తీయాలి అన్నది హైస్కూల్లోనే వారానికో పీరియడ్ పెట్టి నేర్పాలని విద్యాశాఖను కోరుతున్నాను.

– ఒక ఉపాధ్యాయురాలు, జగిత్యాల జిల్లా