మంత్రిగారూ, వలకన్ను కొలవండి

ఆంధ్రప్రదేశ్ మత్స్యశాఖ మంత్రిగారికి నమస్కారం.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో మరపడవలు, మోటారు పడవలు వేటకు వెళ్లకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి మంచి నిబంధనే. కానీ ఆ రోజుల్లోనూ ఉప్పుటేళ్లలో, మడ అడవుల కాలువల్లో గుంజలు పాతి కట్టిన సంచివలలు పోటుకూ పాటుకూ నిండుతూనే ఉంటాయి. అడిగితే సంప్రదాయ వేట అంటారు. ఆ పేరు చాటున ఎంత కన్ను, అంటే ఎంత రంధ్రం, ఉన్న వల కడుతున్నారో ఎవరూ చూడరు.

టైగర్ రొయ్య గుడ్లు పెట్టేది సముద్రంలో. పిల్లలు పోటునీటితో ఏట్లోకి వచ్చి, మడచెట్ల వేళ్ల మధ్య కొన్ని నెలలు పెరిగి, తిరిగి సముద్రం దారి పడతాయి. ఆ దారికి అడ్డంగా దోమతెర లాంటి వల కడితే జరిగేది గట్టు మీద సంచి విప్పినప్పుడు తెలుస్తుంది. గోరంత రొయ్యలు, చొక్కా గుండీలంత పీతపిల్లలు, కళ్లు తప్ప ఒళ్లు కనిపించని చేపపిల్లలు. అమ్ముడయ్యేవి ఏరుకోగా మిగిలింది ఎండబెట్టి దాణాకు అమ్ముతారు, లేదా గట్టు మీదే వదిలేస్తారు.

పండుగప్ప సంగతి మరీ కష్టం. అది మొదట మగచేపగా ఎదిగి, కొన్నేళ్లు గడిచి బాగా పెద్దదయ్యాకే ఆడచేపగా మారుతుంది. పిల్లగా ఉన్నప్పుడే పట్టేస్తే ఇక గుడ్లు పెట్టేదెవరు?

అలాగని విసురు వలతో నడుములోతు నీళ్లలో నిలబడే మనిషినీ, ఏటి నోరంతా మూసేవాణ్నీ ఒకే గాటన కట్టకండి. ఏటికి చేటు చేసింది వలలొక్కటే కాదు. మడను నరికి తవ్విన చెరువులూ, ఆ చెరువుల మురుగూ, పైన ఆనకట్టల వల్ల తగ్గిన మంచినీరూ ఉన్నాయి. (వీటి మీద ఇంకో ఉత్తరమే రాయాలి.) పైగా పాత నూలువల తెగి నీళ్లలో పడితే కుళ్లి మట్టిలో కలిసేది. నైలాన్ వల అడుగున చిక్కుకుని ఏళ్ల తరబడి పీతలనూ చేపలనూ చంపుతూనే ఉంటుంది. వేట పద్ధతి పాతదే అయినా వల పాతది కాదు.

పులికాట్ సరస్సులో రొయ్యల వేటకు 'పాడు' అనే వంతుల కట్టుబాటు ఉంది. ఎవరు ఎప్పుడు ఎక్కడ వల వేయాలో ఊళ్లే తేల్చుకుంటాయి. వంతు దక్కనివారితో తగాదాలూ లేకపోలేదు. అయినా నియమం పెట్టుకుని నిలబెట్టుకోవడం మత్స్యకారులకు కొత్త కాదని దాన్నిబట్టి తెలుస్తుంది. మీ అధికారులు ముందు మత్స్యకార పెద్దలతో కూర్చోవాలి.

కాలువల్లో పాతివేసే వలలకు కనీస కన్ను పరిమాణం నిర్ణయించండి. ఏటి వెడల్పులో కొంత భాగం ఎప్పుడూ వల లేకుండా వదలమనండి. పిల్లలు లోపలికి వచ్చే నెలల్లో ముఖద్వారాల దగ్గర వేట ఆపించి, సముద్ర వేటగాళ్లకు ఇస్తున్నట్టే వీరికీ భృతి ఇవ్వండి. సన్నకన్ను వల తెచ్చిచ్చినవారికి పెద్దకన్ను వల ఇవ్వండి. వలలు పట్టుకుని తగలబెట్టించకండి, వాటిలో చాలావాటి మీద అప్పు ఇంకా తీరలేదు. తనిఖీలు చేయాలనుకుంటే చేపపిల్లలను బస్తాల లెక్కన కొనే దాణా వ్యాపారుల గోదాముల నుంచి మొదలుపెట్టండి.

ఇట్లు,
ఒక తీరప్రాంతవాసి